ఎర్రగుడ్డ మీట

"మాటలే కదా సార్, మార్చింది!"

పోయిన నెల ఒక కుర్రాడు నాతో అన్న మాట ఇది. తెలిసినవాళ్ల గోడౌనులో వాడే ప్రోగ్రామును చూసిపెట్టమంటే అప్పుడప్పుడూ పోతుంటాను. ఆ రోజు పోయేసరికి తెర మీద ఏళ్ల తరబడి ఉన్న ఒక ప్రశ్న కనబడలేదు. దాని చోట ఇంకొకటి ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, చదవడానికి సులువుగానే ఉంది. "ఎవరు మార్చమన్నారయ్యా?" అని అడిగాను. ఎవరూ మార్చమనలేదట. పాత మాట మొరటుగా ఉందని తనే సరిచేశాడట. లోపలిదేమీ ముట్టుకోలేదని, మాటలే కదా అని నవ్వాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లవాణ్ని అనరాని మాటలన్నాను. పాత ప్రశ్నను పాత చోట పెట్టించేదాకా కుర్చీలోంచి లేవలేదు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని అనుకుని ఉంటాడు. అనుకోనీ. ఒకప్పుడు నేనూ అచ్చం ఆ మాటే అన్నాను, అట్లాగే నవ్వాను. దాని ఫలితం అనుభవించింది నేను కాదు, ఇంకొకాయన. ఆ కుర్రాడికి ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. ఆయన పేరును ఒక్కసారి కాగితం మీద టైపు చేయించాం. అది చాలు.

డెబ్బైల్లో నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోయి ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవాణ్ని. పత్తిలోంచి గింజను వేరుచేసి, దూదిని బేళ్లు కట్టే మిల్లు. నేను మగ్గాల ఇంట పుట్టినవాణ్ని గనక నూలు తెలుసు, పత్తి తెలియదు. నాకు పత్తిని చూపించింది ఆయనే. మిల్లు గేటు పక్కన ఒక చిన్న గది, దానికొక కిటికీ, కిటికీ బయట కూర్చోవడానికి ఒక బండ. పత్తి బండి తోలుకొచ్చిన ప్రతి రైతూ ఆ కిటికీ దగ్గర చీటీ రాయించుకునే లోపలికి పోవాలి. ఆ చీటీలు రాసే మనిషి ఆయన. రైతులు చీటీల సాయిబు అనేవాళ్లు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని.

రైతు బండ మీద కూర్చుంటే తప్ప ఆయన నోరు తెరిచేవాడు కాదు. ఎంత తొందరలో ఉన్నవాడైనా సరే.

"కూసోప్పా. నిలబడి సెప్పేది పోలీసు టేసన్లో. ఈడ కూసోని సెప్పల్ల."

టీ తెప్పించుకుంటే సాసరు తనకు, కప్పు ఎదుట కూర్చున్నవాడికి. ఎదుట ఎవరూ లేకపోతే టీ చల్లారిపోయేదాకా ఎవరో ఒకరి కోసం చూసేవాడు. చెవి వెనక ఒక పెన్సిలు ఉండేది. దానితో రాయగా నేనెన్నడూ చూడలేదు. సాయంత్రానికి మీసాలకు దూది పట్టి, పెళ్లికి పోయొచ్చినవాడిలా కనిపించేవాడు. దులుపుకోమంటే, "ఉండనీలే, అన్నం పెట్టేదాన్ని దులుపుకుంటారా!" అని కసిరేవాడు.

దూదేకుల ఇంట పుట్టిన చెయ్యి ఆయనది. చిటికెడు పత్తి తీసుకుని, రెండు బొటనవేళ్ల నడుమ పట్టి మెల్లగా లాగి, పోగు ఎంత పొడవో, ఎంత గట్టిదో, తడి ఎంతుందో చెప్పేవాడు. బొంబాయి నుంచి వచ్చిన వ్యాపారులు కొలబద్దతో కొలిచి చూసుకుని తలలూపేవాళ్లు. చెప్పేటప్పుడు ఆయన పత్తిని చూసేవాడు కాదు. రైతు ముఖంలోకి చూసేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"పత్తి అబద్ధం సెప్పదప్పా. మనిషి సెప్తాడు. అందుకే సెయ్యి పత్తి మీద, కన్ను మనిషి మీద."

ఆయన అడిగే ప్రశ్నలు ఆరు. ఏ ఊరు? ఎవరి పేరు? ఏ జాతి? ఎండిందా, తడుందా? ఎన్ని బోరాలు? ఇత్తులు యాడికి? ఎప్పుడూ ఇవే, ఎప్పుడూ ఇదే వరస. వరస రైతులకు ఎంతగా నోటికొచ్చిందంటే, బండ మీద కూర్చోగానే వాళ్లే మొదలుపెట్టేవాళ్లు. "నందవరం, మా నాయనది, హైబ్రీడు, ఎండింది, ఇరవై, గానుక్కే." ఒక్క గుక్కలో అయిపోయేది. ఆయన తల ఆడిస్తూ రాసుకునేవాడు.

ఆరో ప్రశ్న సంగతి కాస్త చెప్పాలి. హైబ్రీడు వేసేవాళ్లకు గింజతో పని లేదు. ఏటా కొత్త విత్తనం కొనుక్కుంటారు. వాళ్ల గింజలు నూనె తీయడానికి పోతాయి. కానీ నాటు పత్తి వేసే ముసలి రైతులు ఇంకా కొందరు ఉండేవాళ్లు. వాళ్లకు దూది మన చేతిలో పెట్టినా ఫరవాలేదు, గింజ మాత్రం తిరిగి రావాలి. మళ్లీ ఏడాది అదే నేలలో అదే గింజ పడాలి. అట్లాంటివాళ్లు ఆరో ప్రశ్నకు "నాది నాకు" అనేవాళ్లు. ఆ మాట వినగానే ఆయన ఒక పాత ఎర్రతలపాగాలోంచి పీలిక చించి, ముందు బోరా మూతికి కట్టేవాడు. ఎర్రగుడ్డ కనిపిస్తే జిన్ను మేస్త్రి మిషను ఆపి, అడుగంతా ఊడ్పించి, ఆ పత్తిని విడిగా ఆడించి, గింజలను మళ్లీ అదే బోరాల్లోకి ఎత్తించేవాడు. పన్నెండేళ్లలో ఆ ఎర్రగుడ్డ ఒక్కసారైనా తప్పిందన్న మాట నేను వినలేదు.

హాలహర్వి నుంచి ఒక అవ్వ వచ్చేది. ఏడాదికి ఒక్క బండి. ఆమె పత్తి పొట్టిది, మొండిది, కానీ వాన రాకపోయినా చావదు. ఆ గింజ ఆమె అత్తగారి అత్తగారిదట. ఆమె మాత్రం ఆరు జవాబుల వరస ఎన్నడూ పాటించలేదు. బండ మీద కూర్చుంటూనే "నాది నాకు ఈయప్పా సాయిబప్పా, మిగతావి నువ్వే రాసుకో" అనేది. ఆయన ఆ వరస తప్పనిచ్చింది ఆమె ఒక్కతెకే.

ఎనభైల నడుమ మిల్లు యజమానికి కంప్యూటరు మీద మనసు పుట్టింది. నన్ను ఆరు నెలలు బెంగుళూరుకు పంపి నేర్పించారు. వచ్చి చీటీల ప్రోగ్రాము నేనే రాశాను. పచ్చ అక్షరాల తెర ఒకటి ఆయన గదిలోకి వచ్చింది. చీటీ అచ్చయ్యే ప్రింటరును గోడకు అవతల, జిన్ను షెడ్డులో పెట్టాం, మేస్త్రి అక్కడికక్కడే చించుకుంటాడని. గింజలు తిరిగి ఇవ్వాల్సినవాళ్ల చీటీ మూలన ఒక చుక్క గుర్తు పడుతుంది. ఇక బోరాకు గుడ్డ కట్టే పని లేదు. కిటికీ దగ్గర కూర్చున్నవాడికి చీటీ కనబడదన్నది అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మొదట ప్రశ్నల వరస నాకు తోచినట్టు పెట్టాను. పేరు ముందు, జాతి చివర. ఆయన ఒక పూట దానితో అవస్థపడి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఏమప్పా, నీ మిసను ఇదంతా ఎన్ని దినాల్లో నేర్సుకొన్య?"

"అది నేర్చేదేముందన్నా? నేను రాస్తే అయిపాయ."

"అట్లయితే దానికే మల్లా నేర్పు. హాలహర్వి నుంచి మాధవరం దాకా రైతుల నోట్లో ఒక వరస నానిపోయింది. ఒక్క మిసను కోసరం అంతమంది మల్లా బడికి పోవల్లనా?"

తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను, ఎందరో పెద్ద పెద్ద చదువులవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. వాడుకలో ఉన్నదాన్ని ఎందుకు మార్చకూడదో ఇంత తేటగా చెప్పినవాడు ఇంకొకడు నాకు తగల్లేదు. ఆ రోజే వరస మార్చి, పాత వరసే పెట్టాను.

ఆయనకు ఇంగ్లీషు రాదు. తెర మీద ఏముందో చదవడు, చూడడు కూడా. ఊరికీ, పేరుకూ, జాతికీ అంకెలే పెట్టి, ఒక్కో ప్రశ్నకు మిషను కీక్‌మని కూసేట్టు చేశాను. ఆ కూతలు లెక్కపెట్టుకుంటూ, రైతు ముఖం చూస్తూ, ఎడమచెయ్యి పత్తిలో ఉంచి కుడిచేత్తో మీటలు నొక్కేవాడు. ఆరో కూతకు తెర మీద "రిటర్న్ సీడ్?" అని వచ్చేది. గింజలు తిరిగివ్వాలంటే వై నొక్కాలి. అక్కర్లేదంటే పెద్ద మీట ఒకటి నొక్కి వదిలేస్తే చాలు. ఆ వై మీటను గుర్తుపట్టడానికి ఆయనే ఉపాయం చెప్పాడు. పాత తలపాగాలోంచి గోరంత ఎర్రగుడ్డ కత్తిరించి ఇచ్చాడు. మైదా జిగురు పెట్టి దాన్ని మీట మీద అంటించింది నేనే. దాన్ని వేలితో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

"ఇది ఎప్పుడూ ఇత్తుల మీటే గదా? రేపు ఇంగోదానికి పెట్టవు గదా?"

"పెట్టనన్నా."

"మాట?"

"మాట."

గమనించండి, ఆయనకు ఆ మీట "ఔను" కాదు. "మీది మీకు" అన్న మీట. అది నాకు తెలుసు. తెలిసే అంటించాను. ఇక ముందు నేను చెప్పబోయేది చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకండి. తెలియక చేశానని అనుకుని నన్ను క్షమించవద్దు.

రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. అప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. కాలరు నలగని మనిషి. మిల్లు పక్కనే నూనె మిల్లు కూడా మొదలైంది. దాన్ని చూడటానికి ఎవరో పెద్దవాళ్లు రాబోతున్నారని, ఒకరోజు నన్ను పిలిచి తెర ముందు నిలబెట్టాడు.

"ఏమయ్యా, వచ్చే పత్తిలో గింజంతా దాదాపు నూనెకే పోతోంది కదా. మరి మీ మిషను 'గింజ తిరిగివ్వాలా' అని అడుగుతుందేమిటి? వచ్చినవాళ్లు నవ్వరూ? 'సీడ్ టు ఆయిల్ మిల్?' అని అడగాలి. చూడగానే మనకు నూనె మిల్లుందని తెలియాలి."

"ఆ మాటకు అలవాటుపడ్డారు సార్..." అని నసిగాను.

"మాటలే కదయ్యా మార్చేది!"

"అవును సార్, మాటలే" అన్నాను. నవ్వాను కూడా.

పది నిమిషాల పని. ప్రశ్న తిరగేశాను గనక జవాబులు కూడా తిరగేశాను. ఇప్పుడు వై నొక్కితే గింజ నూనెకు పోతుంది, ఎన్ నొక్కితే చుక్క పడుతుంది. ఉత్త పెద్ద మీట నొక్కితే ఎప్పట్లాగే నూనెకే. ఎక్కువమంది రైతులకు ఏ తేడా రాకుండా చూశానని నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడు రకాలుగా నొక్కి పరీక్షించాను కూడా. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఎర్రగుడ్డ ఆ వై మీట మీదే ఉంది. దాని మీదే వేలు పెట్టి పరీక్షించాను.

అది శుక్రవారం మధ్యాహ్నం. ఆయన నమాజుకు పోయి ఉన్నాడు. రాగానే చెబుదామనుకున్నాను. ఇంతలో ప్రింటరు రిబ్బన్లు తెమ్మని మేనేజరు నన్ను ఆ సాయంత్రం బండికే బెంగుళూరు తరిమాడు. "చీటీల అన్నకు ఒక మాట చెప్పండి సార్, ప్రశ్న మారిందని" అని మేనేజరుకే అప్పగించాను. "చెప్తాలే, పో" అన్నాడు. చెప్పలేదు. కిటికీ దగ్గర కూర్చునే మనిషికి తనెందుకు చెప్పాలి? తెర మీద స్పష్టంగా ఉంది కదా!

నేను తిరిగి వచ్చేసరికి వారమైంది. గేటు దగ్గర జనం. ఏడుగురు రైతుల గింజలు గానుగాడి నూనె, పశువులకు పెట్టే చెక్క అయిపోయాయి. ఆ ఏడుగురిలో హాలహర్వి అవ్వ ఒకతె. బోరాలు తీసుకుపోవడానికి వచ్చి, బండ మీద కూర్చుని ఉంది. ఆయన కిటికీలోంచి కాదు, బయటికి వచ్చి ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

"ఎర్రగుర్తు పెట్టినావా లేదా సాయిబప్పా?"

"పెట్టినా అవ్వా. నువ్వు సెప్పకముందే పెట్టినా."

"పెడితే నా ఇత్తులు యాడ పోయినాయప్పా?"

మేనేజరు బయటికొచ్చి, రెండు పొట్లాల హైబ్రీడు విత్తనం ఆమె ఒళ్లో పెట్టించాడు. ఆమె వాటిని ఎగాదిగా చూసి బండ మీదే పెట్టింది.

"ఇయ్యి మా నేలకు సుట్టాలు గాదప్పా" అని లేచింది. ఆయన ముఖం వైపు ఇంకోసారి చూడలేదు. అన్నేళ్లలో ఆమె ఆయనకు చెప్పకుండా పోవడం అదే మొదలు.

మేస్త్రిని అడిగితే తల గోక్కున్నాడు. "ఈ వారం దినాలు ఒక్క సుక్క గూడా రాల్యా సార్. అందరూ గానుక్కే ఇస్తాండారేమో అనుకొంటి. అడిగేదానికి నేనెవున్ని?" తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపమంతా ఇద్దరిది, పిడికెడు కూడా మూడోవాడిది కాదు. కానీ ఆ సాయంత్రం మేనేజరు గదిలో టైపు చేసిన కాగితంలో మా ఇద్దరి తప్పూ లేదు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. తెర మీద ప్రశ్న స్పష్టంగా ఉంది. ప్రోగ్రాములో ఏ దోషమూ లేదు. పనిచేసే మనిషి చదవకుండా నొక్కాడు. నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యం అన్న మాట పక్కన ఆయన పూర్తి పేరు. తండ్రి పేరుతో సహా.

ప్రోగ్రాములో దోషం లేదన్న వాక్యం కింద నేను సంతకం పెట్టాలి. పెట్టాను. ఎందుకంటే అది నిజం! వై నొక్కితే వై జరిగింది. ఇంత నీచమైన నిజం నా బతుకులో ఇంకొకటి చెప్పలేదు. అబద్ధమాడేవాడికి కనీసం తను అబద్ధమాడుతున్నానని తెలుస్తుంది. నాకు ఆ పాటి సిగ్గు కూడా లేకపోయింది.

ఆయన్ను లోపలికి పిలిచారు. కాగితం చూసి, మేనేజరును కాదు, నన్ను అడిగాడు.

"ఏం రాసినారప్పా దీంట్లో?"

"ఇత్తుల కాడ పొరపాటు జరిగిందని, అన్నా."

"ఎవురి పొరపాటు?"

చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ప్రశ్న మార్చాం అన్నా, నీకు చెప్పలేదు అన్నా. ఆ రెండు ముక్కలు నా నాలుక మీదే ఉన్నాయి. మేనేజరు నన్నే చూస్తున్నాడు. "నొక్కేటప్పుడు..." అని ఆగిపోయాను.

ఆయన కుడిచెయ్యి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా సెయ్యేనా?" అన్నాడు. మేనేజరు కాగితాన్ని ఆయన ముందుకు జరిపాడు. చెవి వెనకనుంచి ఆ పెన్సిలు తీశాడు. మేనేజరు పెన్ను ఇచ్చాక దాన్ని మళ్లీ చెవి వెనక పెట్టుకుని, తెలుగులో ఒక్కొక్క అక్షరమూ మెల్లగా దిద్దుతూ సంతకం చేశాడు.

ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. అదొక గొప్పగా చెప్పుకున్నాడు మేనేజరు తర్వాత. మర్నాడు వచ్చి, గోటితో మీట మీది ఎర్రగుడ్డ గీకి తీసి, జేబులో వేసుకుని, తాళంచెవులు నా బల్ల మీద పెట్టాడు.

"ఉండన్నా, నువ్వు పోయేదేంటికి?" అన్నాను. ఎంత ధైర్యమో చూడండి నాది!

"తక్కెడ తప్పు తూగితే తక్కెడ్ని మారుస్తారు గదప్పా. దాన్ని బతిమాలుతారా?" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండులో కనిపించాడు. భుజాన చిన్న మూట. మాధవరంలో ఎవరో గేదెలకు పెట్టడానికి నాటు పత్తి గింజ దాచుకున్నారని తెలిసి, పోయి అడిగి తెచ్చాడట. ఇట్లా చాలా ఊళ్లు తిరిగాడట, బస్సులో కొంత, నడిచి కొంత.

"అవ్వకు ఇచ్చేదానికా అన్నా?"

"పోయిన తూరి ఒక దోసెడు ఇచ్చొస్తి. పంటితో కొరికి సూసి, 'ఇది మాది గాదప్పా' అన్య. అన్నా గూడా పారెయ్యల్యా. కొంగులో కట్టుకున్య." మూటను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఇదన్నా ఆయమ్మది అయితాదేమో."

అప్పుడైనా చెప్పవచ్చు. అక్కడ మేనేజరు లేడు, ఉద్యోగం లేదు, ఉన్నది బస్టాండు. నోరు తెరిచాను కూడా. ఆదోని బస్సు వచ్చింది. ఎక్కాను. బస్సు వచ్చిందని ఎక్కానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తర్వాత బస్సు అరగంటకే ఉంది.

ఇంకో రెండేళ్లకు, నేను ఆ మిల్లు మానేశాక, పరుపు కుట్టించుకోవడానికి ఆదోని బజారుకు పోయాను. దుకాణం ఆయన తమ్ముడిదని నాకు తెలియదు. తమ్ముడు పరుపు పరిచి కుడుతున్నాడు. ఒక మూలన ఆయన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, చలికి కూర్చున్నట్టు. అది ఎండాకాలం. మీసాలకు దూది లేదు.

ఒకామె దూది పట్టుకుని ఆయన్ను అడిగింది, మంచిదేనా పెద్దాయనా అని.

"మా తమ్మున్ని అడుగమ్మా. నా సేతికి తెలీదు."

తమ్ముడు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మా యన్న దూది ముట్టేది మానేసినాడు సార్. బలమంతంగా సేతిలో పెట్టినా పారేస్తాడు. తప్పు సెప్పిన సెయ్యి అంటాడు."

ఒక మనిషి చేతిలోంచి తాతల నాటి విద్యను మేం ఊడబెరికాం. అది కూడా ఒక మాట మార్చి, ఒక మాట చెప్పకుండా దాచి. ఎవడో దొంగ వచ్చి దోచుకుపోయినా ఆయనకింత నష్టం జరిగేది కాదు. దొంగ వచ్చాడని తెలిసేది. ఇక్కడ ఆయన తన చేతినే దొంగ అనుకుంటున్నాడు!

చెప్పాను. నిలబడే చెప్పాను. శుక్రవారం, నమాజు వేళ, పది నిమిషాలు, తిరగేసిన ప్రశ్న, అదే ఎర్రగుడ్డ మీట. నువ్వు నొక్కింది సరైనదే అన్నా, దాని అర్థమే నేను మార్చాను అన్నాను. మాట ఇచ్చి తప్పాను అన్నాను. తమ్ముడి సూది ఆగిపోయింది.

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. రైతు ముఖంలోకి చూసినట్టే చూశాడు, అబద్ధం ఉందేమోనని. తర్వాత తొడ కిందనుంచి కుడిచెయ్యి బయటికి తీశాడు.

"అట్లయితే నా సెయ్యి తప్పు సెయ్యల్యా?"

"లేదన్నా."

"ఒక్క తూరి గూడా?"

"ఒక్కసారి కూడా తప్పలేదన్నా. ఏడుగురికీ ఎర్రగుడ్డే నొక్కినావు."

"అవ్వకు సెప్పినావా ఈ మాట?"

"లేదు. ఇప్పుడు పోయి..."

"పోయినేడు సచ్చిపాయ" అన్నాడు. "నేను గుర్తు పెట్టల్యా అనుకోనే పాయ."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు లేదని ఆపుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చెయ్యి చాచి, పరుపు మీది దూదిలోంచి చిటికెడు తీసుకున్నాడు. రెండు బొటనవేళ్ల నడుమ పట్టి మెల్లగా లాగాడు. ఇంకోసారి లాగాడు. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి.

"తమ్ముడూ, ఇది కలిపిన దూదిరా. మంచిదాంట్లో పాత దూది ఏసినారు. ఎవురు పంపించినారో వాళ్లకే ఎనిక్కి పంపియ్."

తమ్ముడు లేచి ఆ దూది మూటను పక్కకు లాగాడు. బజారు కుర్రాడెవడో టీ తెచ్చి పెట్టి పోయాడు. ఆయన టీని సాసరులోకి వంపుకుని, కప్పును తమ్ముడికిచ్చాడు. ఇందాకటి ఆమె మళ్లీ వచ్చింది. "కూసోమ్మా" అని ఆమెకు పీట జరిపాడు.

నన్ను కూర్చోమనలేదు. నేను నిలబడే ఉన్నాను.